కాలువ గట్టు పక్కన లాన్ ఉంది, కూర్చుని నడిపే గడ్డి మిషన్ కొన్నాం: ఎలా నడపాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: రావులపాలెం దగ్గర కొబ్బరి తోటలో గెస్ట్‌హౌస్ కట్టారు. ముందు ఎకరంన్నర లాన్ వేశారు, పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ అద్దెకిస్తున్నారు. ఒక పక్క పంట కాలువ, వెనక చేపల చెరువు. 42 అంగుళాల పెట్రోల్ రైడింగ్ మోవర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నారు. ఇన్నాళ్లూ పవర్ టిల్లర్ నడిపిన కుర్రాడే దీన్నీ నడపబోతున్నాడు. గట్టు అంచు దాకా కోయొచ్చా, వానాకాలంలో ఎలా, కొబ్బరి చెట్ల మధ్య పెరిగే గడ్డికీ ఇదే సరిపోతుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఎకరంన్నర చదును లాన్‌కి మీ మిషన్ సరిగ్గా సరిపోతుంది. కాలువ అంచుకీ చెరువు అంచుకీ పది అడుగుల లోపలికి మాత్రం దాన్ని ఎప్పుడూ తీసుకెళ్లకండి. ఆ పది అడుగుల గడ్డి, భుజానికి తగిలించుకుని కోసే బ్రష్ కట్టర్‌తో కోయించండి. నేల తడిగా ఉన్న రోజు మిషన్ బయటికి తీయకండి. కొబ్బరి తోటలో కలుపుకి ఇది పనికిరాదు, దానికి వేరే దారి ఉంది, కింద చెబుతాను. ఇక అన్నిటికంటే ముందు, ఈరోజే, సీటు కింద స్విచ్ పనిచేస్తోందో లేదో చూడండి.

నేను అమలాపురం వైపు పధ్నాలుగేళ్లుగా లాన్లు, ఆట స్థలాలు చూసుకుంటున్నాను. అంతకుముందు పవర్ టిల్లర్లు, స్ప్రేయర్ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. ఇక్కడ రాసేవి చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే.

అంచు గురించి ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. పదకొండేళ్ల కిందట నా దగ్గర పనిచేసే కుర్రాడొకడు కాలువ పక్క లాన్ కోస్తున్నాడు. వయసు ఇరవై రెండు. నడపడంలో నాకంటే చురుకు. మర్నాడు అక్కడ పెళ్లి ఉంది. అంచున గడ్డి గుబురుగా కనిపిస్తే బాగోదని, "ఇంకాస్త అంచుకి పోనియ్యి" అన్నది నేనే. రెండు వరసలు బాగానే కోశాడు. మూడో వరసలో కాలువ వైపు చక్రాల కింద మట్టి పలకలా విడిపోయి జారింది. మిషన్ పక్కకి ఒరిగి, మనిషితో సహా కాలువలో పడింది. కాలువలో ఆ రోజు నాలుగడుగుల నీరే ఉంది. కానీ మిషన్ బరువు రెండు వందల కిలోల పైమాట, కాలు దాని కింద ఇరుక్కుంది, తల నీళ్లలో. పక్క చేలో ఇంజన్ ఆడిస్తున్న ముగ్గురు పరుగెత్తుకొచ్చి లాగారు కాబట్టి బతికాడు. కాలి ఎముక ఒకటీ విరగలేదు గానీ భుజం దగ్గర ఎముక విరిగింది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి నేను చూసే ఏ స్థలంలోనూ మిషన్ పది అడుగుల గీత దాటలేదు.

ఇది నడపడం రాక జరిగింది కాదు, మన నేల గుణం. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు నల్లమట్టి గట్టు నెర్రెలు విచ్చుతుంది. అంచుకి సమాంతరంగా పడే నెర్రె చాలా ప్రమాదం. పైన గడ్డి కమ్మేసి ఉంటే అది కంటికి కనపడదు. జూన్‌లో నీళ్లు వదిలాక అదే నెర్రెలోకి నీరు దిగి మట్టి మెత్తబడుతుంది. ఇంకో సమయం ఉంది, చాలామంది గమనించరు: కాలువ కట్టేసిన మొదటి వారం. అప్పటిదాకా కాలువలోని నీరే గట్టుని లోపలి నుంచి ఆనుకుని నిలబెడుతుంది. నీరు ఒక్కసారి దిగిపోతే, గట్టులోని మట్టి ఇంకా నానే ఉంటుంది, ఆనిక మాత్రం పోతుంది. అలాంటప్పుడే గట్లు విరిగి జారుతుంటాయి. చేపల చెరువు ఖాళీ చేసినప్పుడూ ఇదే సంగతి. పైగా చెరువు గట్లలో ఎలుక బొరియలు, పీతల కన్నాలు. కాబట్టి నీరు నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా ఆ గీత గీతే.

మిషన్ కంపెనీల పుస్తకాల్లో మామూలుగా చెప్పేది: పల్లాలకీ, గుంటలకీ, నీటికీ మిషన్ వెడల్పుకి రెండింతలు దూరం ఉండాలని. మీ 42 అంగుళాలకి అది ఏడడుగులు. నేను పది అంటున్నది మన ఒండ్రు నేల కోసం. లంకల వైపైతే, ఏటి వరద వచ్చి తీసిన ఏడాది పన్నెండు అడుగులు వదిలేస్తాను.

గీతని కుర్రాడి జ్ఞాపకానికి వదలకండి. సున్నం కొట్టిన రాళ్లు పాతామనుకోండి, ఆర్నెల్లకి గడ్డిలో కలిసిపోతాయి, వాటికే బ్లేడు తగులుతుంది. నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. ఆ పది అడుగుల గీత మీద కడియం నర్సరీల నుంచి నూరువరహాల మొక్కలు తెచ్చి వరసగా నాటించండి. రెండేళ్లకి నడుము ఎత్తు కంచె అవుతుంది, ఫంక్షన్‌కొచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు కూడా దిగుతారు. కంచె అవతల ఏముందో మిషన్ నడిపేవాడు ఆలోచించక్కర్లేదు. అక్కడికొచ్చాక తిరగడమే. మొక్కలు ఎదిగేలోగా కొబ్బరి దూలం ముక్కలు అడ్డంగా వేయించండి.

ఇక వాలు. మన కోనసీమ అంతా చదునే అంటారు గానీ, వరద భయానికి ఇళ్లు మెరక మీద కడతాం కదా, ఆ మెరక అంచులు వాలే. మీ గెస్ట్‌హౌస్ చుట్టూ కూడా ఉండే ఉంటుంది. చాలా రైడింగ్ మోవర్లకి కంపెనీ పెట్టే హద్దు 15 డిగ్రీలు. కంటితో చూసి 15 డిగ్రీలు ఎంతో ఎవరూ చెప్పలేరు, కాబట్టి కొలవండి. మీటరు పొడవు కర్ర తీసుకోండి, ఒక కొస వాలు మీద ఆనించండి, తాపీ మేస్త్రి దగ్గరుండే స్పిరిట్ లెవెల్ పెట్టి కర్రని మట్టంగా పట్టుకోండి. రెండో కొస నుంచి నేలకి 27 సెంటీమీటర్లు ఉంటే అది 15 డిగ్రీలు. అంతకు మించితే మిషన్ ఎక్కించొద్దు. రెండడుగులకి ఒక అడుగు దిగే గట్టు వాలు 26 డిగ్రీలు దాటుతుంది. అంటే మన కాలువ గట్ల పక్క వాలు చాలావరకూ ఈ మిషన్ పని కాదు.

హద్దు లోపలి వాలు మీద స్టీరింగ్ మిషన్ని పైకీ కిందకీ నిలువుగా నడపాలి, అడ్డంగా కాదు. అడ్డంగా పోతే పక్కకి ఒరుగుతుంది. చేత్తో నెట్టే మోవర్‌కి ఇది తలకిందులు: దాన్ని అడ్డంగానే నడపాలి, నిలువుగా నడిపితే కాలు జారి మిషన్ కిందికి పోతాం. ఇవి రెండూ కలిపేసుకుని పొరబడేవాళ్లు ఉన్నారు. వాలు మీద మలుపు తిప్పొద్దు, ఆగి ఎగువకి ఒక్క ఉదుటున కదలొద్దు, న్యూట్రల్‌లో జారనివ్వొద్దు. చక్రం జారుతోందనిపిస్తే బ్లేడు ఆపి, నిదానంగా తిన్నగా కిందకి దిగిపోవాలి. దానితో పోరాడి పైకెక్కించాలని చూడకూడదు. మీది స్టీరింగ్ ఉన్న రకం. రెండు లివర్లతో తిరిగే జీరో టర్న్ రకమైతే వాలు దగ్గర ఇంకా భయపడాలి, దాని ముందు చక్రాలు ఊరికే తిరిగేవి. వెనక చక్రాలు జారాయంటే దారి మన చేతిలో ఉండదు.

ఇంకో సంగతి. కొన్ని పెద్ద మిషన్లకి సీటు వెనక ఇనుప రోల్‌బార్ ఉంటుంది, వాటికి బెల్టు తప్పనిసరి. మీదానికి ఆ బార్ లేకపోతే బెల్టు బిగించుకోకూడదు. బోల్తాపడితే మిషన్‌కి కట్టేసినట్టవుతుంది. ఎవరో మంచి ఉద్దేశంతోనే పాత కారు బెల్టు తెచ్చి బిగించడం ఒకచోట చూశాను, అప్పటికప్పుడు విప్పించాను.

సీటు స్విచ్ సంగతికి వద్దాం. మనిషి సీటు మీద నుంచి లేస్తే బ్లేడుకి శక్తి ఆగిపోవాలి, దానికే ఆ స్విచ్. సెకండ్‌హ్యాండ్ మిషన్లలో ముందుగా చచ్చేది అదే. వాన నీటికి తుప్పు పట్టి మాటిమాటికీ ఇంజన్ ఆగిపోతుంటే, మెకానిక్ రెండు తీగలు కలిపేసి పంపేస్తాడు. మిషన్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, యజమానికి తెలియను కూడా తెలియదు. పరీక్ష తేలిక: చదునైన, గడ్డి లేని చోట, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, కూర్చుని ఇంజన్ ఆన్ చేసి బ్లేడు తిప్పండి. హ్యాండిల్ వదలకుండా, కాళ్లు ఫుట్‌బోర్డు మీదే ఉంచి సీటు మీద నుంచి కొద్దిగా పైకి లేవండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకపోతే స్విచ్ మార్చేదాకా మిషన్ని షెడ్డులోంచి తీయకండి. స్విచ్ ఖరీదు మిషన్ ధరలో లెక్కలోకి రాదు.

మీ కుర్రాడికి పవర్ టిల్లర్ అలవాటు ఉండటం మంచిదే, ఇంజన్ మాట వినడం వచ్చి ఉంటుంది. కానీ టిల్లర్ వాడేవాళ్లకి ఒక చెడ్డ అలవాటు ఉంటుంది, ఇంజన్ ఆడుతుండగానే దిగి, అడ్డం పడ్డ కమ్మో తాడో లాగి పారేసి మళ్లీ పట్టుకోవడం. ఇక్కడ అది చెయ్యి పోగొట్టుకునే పని. లెక్క చూడండి: 42 అంగుళాల డెక్, అంటే బ్లేళ్లని కప్పి ఉంచే రేకు పెట్టె, దాని కింద ఒక్కోటీ 21 అంగుళాల బ్లేళ్లు రెండు ఉంటాయి. నిమిషానికి 3,300 చుట్లు తిరిగితే బ్లేడు కొస వేగం గంటకి 330 కిలోమీటర్ల దాకా పోతుంది. శక్తి ఆపాక కూడా కొన్ని సెకన్లు తిరుగుతుంది, డెక్ కింద కనపడదు కాబట్టి ఆగిందనిపిస్తుంది. గడ్డి ఇరుక్కుంటే: బ్లేడు ఆపు, ఇంజన్ ఆపు, తాళం తీసి జేబులో వేసుకో, స్పార్క్ ప్లగ్ తీగ పీకు, ఆ తర్వాత కర్రతో తియ్యి. చేత్తో కాదు. ఇది ఆ కుర్రాడి చేత పదిసార్లు పైకి చెప్పించండి. "ఆయ్, తెలుసండీ" అంటాడు. తెలిసినా చెప్పించండి. మా ఊరి దగ్గర ఒకచోట పనివాడికి మూడు వేళ్లు పోయాయి. ఆయన కొత్తవాడు కాదు, ఏడేళ్లుగా అదే మిషన్ మీద ఉన్నాడు.

బ్లేడు వేగం ఇంకో మాటా చెబుతుంది: దానికి తగిలిన ప్రతి వస్తువూ రాయై ఎగురుతుంది. మీది ఫంక్షన్ల లాన్ కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. పెళ్లి అయ్యాక పందిరి వాళ్లు షామియానా మేకులు పీకుతారు, ఒకటో రెండో మర్చిపోతారు. డెకరేషన్ వాళ్ల సన్న ఇనుప తీగ, పూలదండల నైలాన్ దారం, లైట్ల క్లిప్పులు, కొబ్బరి చిప్పలు, మందుగుండు కాల్చిన గొట్టాలు. ఒకసారి గడ్డిలో మిగిలిపోయిన షామియానా మేకు బ్లేడుకి తగిలింది. బ్లేడు వంగింది, కింద ఇరుసు వంగింది, మేకు ముక్క నలభై అడుగుల దూరంలో ఆగున్న కారు అద్దం పగలగొట్టింది. ఆ కారులో ఎవరూ లేకపోవడం నా అదృష్టం. ఆ వారం సంపాదన అంతా దానికే పోయింది, అయినా నాకు బాధ అనిపించలేదు.

అప్పటి నుంచి పందిరి వాళ్లతో మేకుల లెక్క పెట్టుకుంటున్నాను. ఎన్ని పాతారో రాయించుకుని, పీకాక అన్నీ లెక్క అప్పగించాకే డబ్బు. మీరూ అలాగే చేయండి. కోసే రోజు ఇద్దరు మనుషులు చెరో బకెట్టు పట్టుకుని, నాలుగడుగుల ఎడంతో వరసగా లాన్ అంతా నడవాలి. చేతిలో కర్ర ఉండాలి, గడ్డి ఎదిగిన చోట ముందు తట్టి చూడాలి. కట్లపాము, రక్తపింజరి రెండూ మన తోటల్లో ఉంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ నడకకి ఎకరంన్నరకి ముప్పావు గంట పడుతుంది. దీన్ని ఎప్పుడూ ఎగ్గొట్టకండి.

గడ్డి బయటికి విసిరే మూతి చాలా మిషన్లకి కుడి పక్కన ఉంటుంది. దాని మీద రబ్బరు రేకో ప్లాస్టిక్ రేకో ఉంటుంది, గడ్డి ఆగుతోందని దాన్ని పైకి కట్టేస్తారు. కట్టొద్దు, మేకు ముక్కని కిందకి తిప్పేది అదే. మొదటి రెండు చుట్లు గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరగండి, అప్పుడు విసురు లాన్ లోపలి వైపు పడుతుంది, రోడ్డు వైపూ ఇంటి వైపూ పడదు. ఆ తర్వాత దిక్కు మార్చండి, కోసిన గడ్డి కోసేసిన మేర మీద పడుతుంది, మిషన్‌కి రెండోసారి నమలాల్సిన పని ఉండదు.

పిల్లలు. మీరు అడగలేదు, కానీ గెస్ట్‌హౌస్ అంటున్నారు కాబట్టి చెప్పాలి. ఈ మిషన్ చూస్తే పిల్లలకి బొమ్మ బండి. "ఒక్క రౌండు తిప్పవయ్యా" అని పెద్దవాళ్లే మనవణ్ణి తెచ్చి ఒళ్లో కూర్చోబెడతారు. ఎంత పెద్దమనిషి అడిగినా కాదనమని మీ కుర్రాడికి మీరే హక్కు ఇవ్వాలి. మీ మాటగా చెప్పమనండి. ఒకసారి ఎక్కిన పిల్లవాడు తర్వాత మిషన్ శబ్దం వినపడగానే వెనకాలే పరుగెత్తుకొస్తాడు, రివర్సులో కనపడడు. అందుకే ప్రాణాలు పోయే ప్రమాదాల్లో ఇది ఒకటి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 16 ఏళ్లు నిండకుండా రైడింగ్ మోవర్ నడపనివ్వొద్దని చెబుతుంది. మన దగ్గర నా లెక్క పద్దెనిమిది. రివర్సు చేసేముందు బ్లేడు ఆపి, వెనక్కి, కిందకి చూసి, అప్పుడే వెనక్కి. రివర్సు అవసరమే తక్కువ పడేలా దారి వేసుకోవాలి. గెస్ట్‌హౌస్‌లో అతిథులుంటే ఆ రోజు కోయకండి.

ఇక గడ్డి కోత సంగతులు, ఇవి సులువే.

నేల తడి చూడటానికి నేను వాడే కొలత: చెప్పు విప్పి మడమతో గట్టిగా నొక్కండి. నీరు ఊరినా, మడమ గుంట అలాగే నిలిచినా ఆ రోజు మానేయాలి. మన నల్లమట్టి తడి మీద చక్రం తిరిగితే గాళ్లు పడతాయి, ఎండాక అవి ఇటుకలా బిగుసుకుంటాయి, ఆ గాడిలో గరిక మళ్లీ వేరు దించదు. తడి గడ్డి డెక్ కింద అట్టకడుతుంది, మాటిమాటికీ ఇరుక్కుంటుంది, ఇరుక్కున్న ప్రతిసారీ చెయ్యి పెట్టాలనిపిస్తుంది. తడి లాన్ ప్రమాదం సగం అక్కడే మొదలవుతుంది. ధనుర్మాసంలో మంచు పొద్దున తొమ్మిదిన్నర, పది దాకా ఆరదు, అప్పుడు పదిన్నరకి మొదలుపెట్టండి. ఎండాకాలం మంచు బెడద ఉండదు, ఆరింటికల్లా మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేయండి. రోహిణి కార్తె మధ్యాహ్నం ఎండలో మిషన్ మీద కూర్చోబెట్టడం మనిషికీ ఇంజన్‌కీ అన్యాయం.

వానాకాలంలో పది పదిహేను రోజులు చెయ్యి పెట్టలేకపోతే గడ్డి ఆరంగుళాలు ఎదిగిపోతుంది. అప్పుడు ఒక్కసారే నేలకి కొట్టేయాలనిపిస్తుంది. ఎత్తులో మూడో వంతుకి మించి ఒక కోతలో తీయకూడదు. ఆరంగుళాలుంటే నాలుగుకి, నాలుగు రోజులాగి మూడింటికి, మళ్లీ నాలుగు రోజులకి రెండుకి దించండి. మీరు వేసింది గరిక జాతి లాన్ అయితే రైడింగ్ మోవర్‌తో ఒకటిన్నర నుంచి రెండంగుళాలు చాలు. అంతకంటే కిందకి దించితే ఎత్తుపల్లాల దగ్గర డెక్ నేలని గీరి ఎర్రమచ్చలు మిగులుతాయి. తుంగ మాత్రం ఎంత కోసినా పోదు, దాన్ని దుంపతో తీయించాల్సిందే.

కోసేటప్పుడు ఇంజన్ పూర్తి రేసులో ఉంచాలి, చక్రాల వేగం తగ్గించాలి. చాలామంది పెట్రోలు మిగులుతుందని రేసు తగ్గించి బండిని జోరుగా తోలుతారు. బ్లేడు నిదానంగా తిరిగితే గడ్డిని కోయదు, చింపుతుంది. చింపిన కొసలు రెండు రోజుల్లో పండుబారి లాన్ అంతా తెల్లగా కనిపిస్తుంది. గంటకి నాలుగు కిలోమీటర్లు, అంటే మనిషి నింపాదిగా నడిచే వేగం చాలు. వరస మీద వరస అర అడుగు కలుస్తూ పోతే గంటకి ఎకరం లోపు అవుతుంది. మలుపులతో కలిపి మీ ఎకరంన్నరకి రెండు, రెండున్నర గంటలు పెట్టుకోండి. ఒక వారం తూర్పు పడమరలు, ఇంకో వారం ఉత్తర దక్షిణాలు తిప్పండి, చక్రాల జాడలు పడవు. చెవులకి మఫ్‌లు, కాళ్లకి గట్టి బూట్లు, కళ్లకి అద్దాలు ఉండాలి. లుంగీతో ఎక్కనివ్వొద్దు.

కోత సమంగా రావడం లేదని ఎవరైనా అడిగితే నేను ముందు టైర్ల గాలి చూస్తాను. ఒక టైరులో గాలి తక్కువుంటే డెక్ ఒరుగుతుంది, లాన్ మెట్లు మెట్లుగా తెగుతుంది. ఎంత గాలి పెట్టాలో టైరు మీదో పుస్తకంలోనో ఉంటుంది. మామూలుగా 10 నుంచి 14 పీఎస్‌ఐ మధ్యే. బంకులో స్కూటర్‌కి పట్టినట్టు పట్టించారంటే నేల మీద ఎగిరెగిరి పడుతుంది. గాలి సరిచేశాక కూడా తేడా ఉంటే డెక్ మట్టం చూడాలి, ముందు అంచు వెనకదాని కంటే కొద్దిగా, అర సెంటీమీటరు దాకా కిందికి ఉంటే కోత బాగుంటుంది.

కొబ్బరి తోట ప్రశ్న. వద్దండి. లాన్ మిషన్ని తోటలో దింపితే మూడు నెలల్లో పాడవుతుంది. కొబ్బరి పీచు బ్లేడు ఇరుసుకి తాడులా చుట్టుకుని, బేరింగ్ సీలు కోసేసి, లోపలికి మట్టి పంపిస్తుంది. కొబ్బరి డొక్క బ్లేడుకి తగిలితే ఇంజన్ గుంజి ఆగుతుంది, బెల్టు తెగుతుంది. కమ్మ మట్టలు, పాదుల అంచులు, చెట్ల మొదళ్లు, ఎక్కడో ఒకచోట డెక్ ఎక్కి కూర్చుంటుంది. వీటన్నిటికంటే పెద్ద మాట, దీనికి పైకప్పు లేదు. ఇంజన్ మోతలో పైనుంచి ఎండు కాయ విడిపోయిన చప్పుడు వినపడదు. తోటలో కలుపుకి మినీ ట్రాక్టర్ వెనక కట్టే రోటరీ స్లాషర్ అద్దెకి తెచ్చుకోండి, లేదా బ్రష్ కట్టర్ వాళ్లని పెట్టండి. ఏదైనా కాయల దింపు అయిన వారంలోపు చేయించండి. అప్పటికి ఎండు కాయలూ, వేలాడే కమ్మలూ దిగిపోయి ఉంటాయి, కింద రాలినవి ఏరేసి ఉంటారు. మనుషులకి హెల్మెట్ ఇవ్వండి. లాన్ మధ్యలో నాలుగైదు చెట్లు ఉండే ఉంటాయి. వాటి చుట్టూ ఆరడుగులు మిషన్ పోనివ్వకండి, గట్టు అంచులు కోసే మనిషే ఆ గుండ్రాలూ కోస్తాడు.

పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇలాంటి చిన్న ఇంజన్ల పుస్తకాల్లో ఎక్కువగా 10 శాతం దాకానే పర్లేదని ఉంటుంది, మీ మిషన్ పుస్తకం చూడండి. ఇథనాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, మన దగ్గర తేమకి కరువు లేదు. కాబట్టి క్యాన్లో నెలకి సరిపడా తెచ్చి నిలవ పెట్టకండి, వారానికి సరిపడా చాలు. వానలు ముసురుపట్టి మూడు వారాలు మిషన్ ఆగిపోయేలా ఉంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా ఆడించి పెట్టండి. లేకపోతే కార్బొరేటర్ జిగురుకట్టి, మళ్లీ స్టార్ట్ కాదు. పెట్రోలు పోసేది ఇంజన్ చల్లారాక, ఆరుబయట. షెడ్డు తలుపులు మూసి ఇంజన్ ఆడించొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

మిగతా సర్వీసు పెద్ద విద్యేమీ కాదు. యాభై గంటలకోసారి ఆయిల్ మార్పు. గాలితో చల్లబడే ఇంజన్‌కి మన ఎండలో ఎస్‌ఏఈ 30 ఆయిల్ బాగా నిలుస్తుంది, 10డబ్ల్యూ-30 పోస్తే వేడిలో కొంచెం ఎక్కువ తాగుతుంది. ఇంజన్ రెక్కల మధ్య చేరే గడ్డి దుమ్ము ప్రతి కోత తర్వాత బ్రష్‌తో దులపాలి, అది నిండితే ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది. పాతిక గంటలకి బ్లేడు సాన. ఒక వైపు ఎక్కువ అరిగితే తూకం తప్పుతుంది. మధ్య రంధ్రంలో మేకు పెట్టి గోడకి తగిలిస్తే బరువైన వైపు కిందకి వాలుతుంది, ఆ వైపు కాస్త ఆకురాయి పట్టాలి. తూకం తప్పిన బ్లేడు మిషన్ అంతా వణికించి ఇరుసు బేరింగులు తినేస్తుంది. డెక్ కింద అంటుకున్న పచ్చి గడ్డి ఆ సాయంత్రమే గీకేయాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి ఉన్నచోట మర్నాటికి వాయిదా వేస్తే రేకు ఏడాదిన్నరలో చిల్లులు పడుతుంది. డెక్ కింద పనికి ఒట్టి జాకీని నమ్మి తల దూర్చొద్దు, కింద చెక్క దిమ్మలు పెట్టాకే.

మీ కుర్రాణ్ణి మొదటి రెండు వారాలు బ్లేడు తిప్పకుండా ఊరికే నడపమనండి. లాన్ మీద నడిచే దారి, మలుపులు, గట్టు గీత, ఎక్కడ ఆగాలి, అన్నీ కాళ్లకి తెలిసిపోవాలి. ఆ పైన చదునుగా, ఎండగా ఉన్న రోజు చూసి బ్లేడు పెట్టించండి, మొదటిసారి మీరు అక్కడే ఉండండి. దగ్గరకి వెళ్లకుండా, అతనికి కనపడే చోట. మిషన్ నడుస్తున్నప్పుడు అతనితో మాట్లాడాలంటే చెయ్యెత్తండి, అతను బ్లేడు ఆపాకే దగ్గరకెళ్లండి.

సీటు స్విచ్ పరీక్ష చేశాక ఏమైందో ఇక్కడ రాయండి. ఇంజన్ ఆగకపోతే మిషన్ మోడల్ కూడా చెప్పండి, స్విచ్‌కి వెళ్లే తీగలు ఎక్కడ కలిపేసి ఉంటారో చూపిస్తాను. గెస్ట్‌హౌస్ మెరక వాలు మీటరు కర్రతో కొలిచి, ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో అది కూడా రాయండి.